మౌస్‌కు నూట ఒకటి

తుల్సీరాం తన కంటబడిన దేన్నీ జ్వరం చూడకుండా వదిలిపెట్టడు. మనిషి కావచ్చు, మేక కావచ్చు, నీళ్ల మోటారు కావచ్చు, మజ్జిగ కుండ కావచ్చు. కుడిచేతి వేళ్లను వెనక్కి తిప్పి దానికి ఆనిస్తాడు. కళ్లు మూసుకుంటాడు. మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టి, "తొంభై ఎనిమిదిన్నర" అని తీర్పు చెబుతాడు. అది సిమెంటు బస్తా అయినా సరే, తీర్పులో అర డిగ్రీ మొహమాటం ఉండదు.

ఆయన ముప్పై మూడేళ్లు మలేరియా శాఖలో పనిచేశాడు. టేకులపల్లి నుంచి ములకలపల్లి దాకా అడవి అంచున ఉన్న తండాలూ గూడేలూ అన్నీ సైకిల్ మీదే తిరిగాడు. భుజాన ఒక గుడ్డ సంచి. అందులో గాజు పలకలు, దూది, స్పిరిటు సీసా, సూదులు, ఒక లావుపాటి రిజిస్టరు. జ్వరం ఉన్నవాళ్ల వేలు పొడిచి చుక్క రక్తం గాజు పలక మీద తీసుకోవడం, ఆ ఇంటి గోడ మీద సుద్దతో తేదీ వేసి పొడి అక్షరాలు రాయడం ఆయన పని. రిటైరై ఎనిమిదేళ్లయింది. శాఖ ఆయన్ని వదిలేసింది గాని ఆయన శాఖను వదల్లేదు. ఇప్పటికీ ఎవరింటికి భోజనానికి వెళ్లినా, చెయ్యి కడుక్కున్నాక గోడ మీద తేదీ వేసి వస్తాడు. ఊళ్లో ఆయన్ని జరం సారు అంటారు.

ఒకసారి భద్రాచలం నుంచి వచ్చిన బస్సు ముక్కు మీద చెయ్యి పెట్టి, "ఇది పాల్వంచల ఆగింది. డ్రైవరు చాయ్ తాగిండు" అన్నాడట. డ్రైవరు కిందికి దిగి, "ఒకటి గాదు సారూ, రెండు" అని ఒప్పుకున్నాడట. ఇది నేను కళ్లారా చూడలేదు. చూశానని చెప్పినవాడిని మాత్రం కళ్లారా చూశాను.

పిండి గిర్నీ నడిపే దేవ్లా కొడుకు పెళ్లిలో అక్షింతలు వేసే వరసలో నిలబడి, పెళ్లికొడుకు నుదుటికి వేళ్లు ఆనించి, "తొంభై తొమ్మిది. భయం జరం. రేపటికి తగ్గుతది" అన్నాడు. పెళ్లికూతురి నుదురు చూసి, "ఈమెకేం లేదు" అన్నాడు. ఆ రెండు మాటలూ ఎంత నిజమో ఈ మూడేళ్లలో ఊరంతా చూసింది.

ఆయన భార్య కమ్లి ఒకసారి నాతో చెప్పుకుంది. "పెండ్లైన కొత్తల నా చెయ్యి పట్టుకున్నడు సారూ. నాకు సిగ్గయి తల వంచుకున్న. గింతసేపు పట్టుకుని, తొంభై ఎనిమిది పాయింటు ఆరు అన్నడు."

ఇక నా సంగతి ఒక్క ముక్క. నేను కాన్వెంటులో చదివాను. ఫారెన్‌హీటును సెల్సియస్ చేసే సూత్రాన్ని మదర్ ఫిలోమినా గారు బెత్తం సాయంతో నా లోపలికి పంపారు. ముప్పై రెండు తియ్యి, అయిదుతో హెచ్చవెయ్యి, తొమ్మిదితో భాగించు. అరవై ఏళ్లలో అది నాకు ఒక్క పూట కూడా అక్కరకు రాలేదు. మొన్న ఏప్రిల్‌లో భార్గవి కంప్యూటర్ వేడెక్కిన వారం అక్కరకు వచ్చిందనుకున్నాను.

టేకులపల్లిలో మా ఇంటి ముందు గది రోడ్డు వైపు తెరుచుకుంటుంది. అందులో భార్గవి పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. తండా నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఎవరి పెళ్లయినా సరే, వధూవరులను మేఘాల మీద నడిపించగలదు. ఆ వారం మాత్రం పెళ్లిళ్లు పక్కన పెట్టింది. హైదరాబాదులో బొమ్మల సినిమాలు తీసే స్టూడియో ఒకటి ఆమెకు పరీక్ష పెట్టింది. అడవిలో వాన పడుతున్న దృశ్యం, ఒక నిమిషం, కంప్యూటర్‌లో గీసి శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా పంపాలి. నచ్చితే ఉద్యోగం, అదీ ఇక్కడే కూర్చుని చేసుకోవచ్చు. నచ్చకపోతే వాళ్ల అన్నయ్య నగరంలో చీరల దుకాణంలో ఒక కౌంటరు మాట్లాడి పెట్టాడు. నెల తిరిగేలోపు రైలెక్కాలి.

ఆమె కంప్యూటర్ పాతది. ఎవరో వాడి వదిలేస్తే తెచ్చుకుంది. బొమ్మల లెక్కలన్నీ చేసి తెర మీదికి పంపే గ్రాఫిక్స్ కార్డు అందులో ఇంకా పాతది. దానికంటే మంచిది కొని పెడదామంటే ఆ డబ్బా మోయలేదు. ఒక్క ఆకు మీద చినుకు పడితే ఫర్వాలేదు. భార్గవి వాన అడవంతా పడుతోంది. తెర మీద వాన, డబ్బాలో రోహిణీ కార్తె. రెండు వారాలుగా ఉన్నట్టుండి తెర నల్లబడి ఆగిపోతోంది.

సోమవారం పొద్దున పదింటికి అదే జరిగింది. భార్గవి కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

"ఏమ్మా?" అన్నాను.

"తొంభై నాలుగు తాత. తొంభై నాలుగు కాంగనె బంద్ అయితున్నది."

సరిగ్గా అప్పుడే తుల్సీరాం గుమ్మంలో నిలబడి తలుపు రెక్క జ్వరం చూస్తున్నాడు. తొంభై నాలుగు అన్న మాట చెవిన పడింది. లోపలికి పరుగున వచ్చాడు.

"ఎవరికి బిడ్డా తొంభై నాలుగు?"

"కంప్యూటర్‌కు కాక."

"అయ్యో! చల్లబడిపోయింది గదా! తొంభై అయిదుకు దిగితెనే మనిషి దక్కుడు కష్టం."

నేను గొంతు సవరించుకున్నాను. అరవై ఏళ్ల తరవాత మదర్ ఫిలోమినా గారి రుణం తీర్చుకునే ఘడియ. "తుల్సీరాం, అది సెల్సియస్. మన లెక్కలో రెండొందలు దాటింది. సూత్రం చెబుతా విను. ముప్పై రెండు..."

"మా శాఖల సెల్సియస్ లేదు సారూ."

"శాఖలో లేకపోయినా లోకంలో ఉంది. పోనీ, డబ్బా మీద చెయ్యి పెట్టు. కాలడం లేదూ?"

చెయ్యి పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. "కాలుతున్నది. లోపట చలి ఉంటె పైన కాలుతది. మలేరియా గట్లనే ఉంటది." తెరకు ఆనించాడు, కీబోర్డుకు ఆనించాడు, భార్గవి అప్పుడే వదిలిన మౌస్‌కు ఆనించాడు. మౌస్ దగ్గర నాలుగు అంకెలకు బదులు ఎనిమిది లెక్కపెట్టాడు. "మౌస్‌కు నూట ఒకటి" అని రిజిస్టరు తీసి రాసుకున్నాడు.

"మౌస్‌కు జ్వరమేంటయ్యా?"

"రాసుకునుడు మన పని సారూ. ఎందుకొచ్చిందన్నది పై ఆఫీసు పని."

పగలంతా అలాగే గడిచేది గాని, పన్నెండింటికి భార్గవి మళ్లీ వాన మొదలుపెట్టిందో లేదో, ఈ మహానుభావుడు మా ఇంట్లోకి వెళ్లి, అటక మీద ఉన్న నా చలికాలపు గొంగడి దించుకొచ్చి కంప్యూటర్‌కు కప్పాడు. ఏప్రిల్ నెలలో! మెడ దగ్గర మడతపెట్టి మరీ!

"కాకా! ఏం చేస్తున్నవ్!" అని భార్గవి లేచేలోపు తెర నల్లబడింది. అంత ఉడికిన కంప్యూటర్ చల్లబడి మళ్లీ లేవాలంటే గంట పట్టేది. ఆ పిల్ల నెత్తి పట్టుకుని గోడ పక్కన బెంచీ మీద ఒరిగింది.

తుల్సీరాం తాపీగా సంచిలోంచి ఫ్లాస్కు తీశాడు. "మీ కమ్లి కాకి జొన్న గట్క జావ పంపింది. తాగు."

"నాకెందుకు కాక?"

"పేషెంటు పక్కపొంటి ఉన్నోళ్లు తాగాలె. మా శాఖల రూలు."

జావ తాగించి, కంప్యూటర్ డబ్బా పక్క రేకు మీద సుద్దతో తేదీ వేసి, పొడి అక్షరాలు రాసి, బెంచీ పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. నేను తల కొట్టుకుంటూ లోపలికి వెళ్లాను.

మంగళవారం ఎనిమిదింటికే వచ్చాడు. ఎనిమిదింటికి, పదింటికి, నాలుగింటికి తెర మీది అంకె భార్గవిని అడిగి రాసుకుంటాడట. అడిగిన ప్రతిసారీ ఆ తరవాత మౌస్ మీద చెయ్యి. "మౌస్ నూట ఒకటే ఉన్నది. తగ్గలే."

"అంకె నువ్వు అడుగుతున్నావు, రాస్తున్నావు. దాన్ని బట్టి ఏదన్నా చెయ్యవయ్యా" అన్నాను.

చేశాడు. పన్నెండింటికి గొంగడి కప్పాడు.

ఆ రోజు నాకు కోపం వచ్చింది. కాన్వెంటు చదువు మనిషికి కోపం వస్తే తెలుగులో తిట్టలేడు, ఇంగ్లీషులో తిడితే ఎదుటివాడికి దెబ్బ తగలదు. మధ్యేమార్గంగా ఒక కాగితం మీద సూత్రం పెద్ద అక్షరాలతో రాసి కంప్యూటర్ పైన గోడకు అంటించాను. తుల్సీరాం దాన్ని శ్రద్ధగా చదివాడు. తరవాత కాగితం మీద వేళ్లు ఆనించి, "ఎనభై తొమ్మిది" అన్నాడు.

బుధవారం మళ్లీ తొంభై నాలుగు, మళ్లీ నల్ల తెర. శుక్రవారం ఇంక రెండు రోజులే ఉంది. భార్గవి ముఖం పీక్కుపోయింది. నేను ఇక ఊరుకోలేదు.

"డబ్బా విప్పు తుల్సీరాం. లోపల దుమ్ము ఉంటుంది, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి. నా మనవడు ఫోన్లో చెప్పాడు. కార్డుకు, దాని మీద ఉండే లోహపు రెక్కలకు మధ్య మందు రాస్తారట. అది ఎండిపోతే వేడి పైకి రాదట."

"విప్పుదం."

"ఎప్పుడు?"

"మౌస్ తగ్గాలె ముందు. ఇయ్యాల నూరు ఉన్నది."

"మౌస్ ప్లాస్టిక్కయ్యా! భార్గవీ, నువ్వయినా చెప్పమ్మా!"

"నాకు చేతులు వణుకుతున్నయ్ తాత. ఆ కార్డు విప్పాలంటె సన్న సన్న మరలుంటయ్. ఒక్కటి జారినా అంతే సంగతులు" అంది భార్గవి. ఆందోళనతో వణుకుతున్నాయనుకున్నాను. పన్నెండింటికి గొంగడి మళ్లీ డబ్బా మీదికి ఎక్కింది. మా కోడలు లోపలి నుంచి అరిచింది. "మామయ్యా, ఆ గొంగడి ఉతికి దాచింది!"

గురువారం పొద్దున తుల్సీరాం మౌస్ మీద చెయ్యి పెట్టి, చాలాసేపు ఉంచి, ఒక్కసారిగా నవ్వాడు. "తొంభై ఎనిమిది పాయింటు ఎనిమిది! మౌస్ బాగైంది. ఇగ డబ్బా సంగతి చూద్దం."

ఆయనకు హుషారు వచ్చింది. రిజిస్టరు నా ముందు పెట్టాడు. "చూడుండ్రి సారూ. పదింటికి రాసిన అంకెలు. సోమారం తొంభై నాలుగు. మంగళారం ఎనభై ఆరు. బుధారం తొంభై నాలుగు. ఇయ్యాల ఎనభై అయిదు. ఏం కనబడుతున్నది?"

"రోజు తప్పి రోజు" అన్నాను, నాకు తెలియకుండానే.

"అవ్! రోజు తప్పి రోజు వచ్చే జరం. పక్కా మలేరియా వరస. గిసొంటి జరానికి మందు కంటె ముందు దోమను పట్టాలె."

దోమ కోసం గది గోడలన్నీ వేళ్లతో తడుముకుంటూ వెళ్లాడు. ఉత్తరపు గోడ ఎనభై ఎనిమిది, దక్షిణపు గోడ తొంభై. వెనక కిటికీ దగ్గరికి రాగానే ఆగాడు. చువ్వల మీద వేలు రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వరసగా అయిదు తుమ్మాడు.

కిటికీకి అవతల మూడు గజాల దూరంలో దేవ్లా గిర్నీ. గిర్నీలోంచి గాలి బయటికి నెట్టే రేకు గొట్టం నేరుగా మా కిటికీ వైపే నోరు తెరుచుకుని ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు దేవ్లా మిరపకాయలు పడతాడు. మిగతా రోజులు పిండి, పసుపు. భార్గవి కంప్యూటర్ ఆ కిటికీ కిందనే, గాలి పీల్చుకునే వైపు అటే తిప్పి ఉంది.

"దోమ దొరికింది" అన్నాడు తుల్సీరాం.

డబ్బాను మా అరుగు మీదికి తెచ్చాం. పక్క రేకు విప్పి, కార్డును మెల్లగా బయటికి లాగింది భార్గవి. చేతులు వణకడం లేదు. కార్డుకు రెండు చిన్న ఫ్యాన్లు. ఒకటి తిరుగుతుంది, రెండోది వేలితో తోసినా కదలదు. వాటి కింద ఉండే లోహపు రెక్కల సందులు ఎర్రగా గట్టిపడి ఉన్నాయి. తుల్సీరాం ఇంటికి వెళ్లి, ముప్పై మూడేళ్లు సైకిల్‌కు గాలి కొట్టిన పంపు తెచ్చాడు. గాలికి ఫ్యాను గిర్రున తిరిగి పాడవకుండా భార్గవి చీపురు పుల్ల అడ్డం పెట్టింది. తుల్సీరాం పంపు పైకి లాగి ఒక్క కొట్టు కొట్టాడు.

ఆ తరవాత జరిగింది నేను చెబితే అతిశయం అంటారు. లేచిన ఎర్రటి మబ్బుకు బస్సు కోసం నిలబడ్డ పదిమందీ ఒకేసారి తుమ్మారు. అటుగా వెళుతున్న మేకలు వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోయాయి. మా కోడలు లోపలి నుంచి, "మామయ్యా, అరుగు మీద తాలింపు ఎవరు వేస్తున్నారు?" అని కేక పెట్టింది. గిర్నీలోంచి దేవ్లా కళ్లు నలుపుకుంటూ బయటికొచ్చాడు.

"ఎవడ్రా నా కారం పారబోస్తున్నది?"

"నీ కారమే దేవ్లా. రెండు నెలల నుంచి ఇంట్ల దాచిపెట్టుకున్నది గీ కంప్యూటరు" అన్నాడు తుల్సీరాం.

అందులోంచి రాలిన కారం అక్షరాలా అరకిలో. నమ్మనివాళ్ల కోసం పావుకిలో. అది కూడా నమ్మనివాళ్లు మా అరుగు పగుళ్లలో ఇప్పటికీ వేలు పెట్టి చూసుకోవచ్చు.

ఆ తరవాతి పనికి తుల్సీరాం పుట్టినట్టే ఉన్నాడు. కార్డు మీద ఎండి అట్టకట్టిన పాత మందును స్పిరిటులో ముంచిన దూదితో, చంటిపిల్ల వేలు తుడిచినట్టు తుడిచాడు. భార్గవి సొరుగులోంచి కొత్త మందు తీసింది. ఎప్పుడో తెప్పించి, విప్పడానికి ధైర్యం చాలక దాచిందట. ఆ మందు వచ్చేది సూదిగొట్టంలో. దాన్ని చూసి తుల్సీరాం ముఖం వెలిగిపోయింది.

"చూసినవా బిడ్డా? నేను చెప్పలే? ఆఖరికి ఏ జరమన్నా సూదికే తగ్గుతది."

"నువ్వే పెట్టు కాక. నాకు సూది చూస్తె భయం" అంది భార్గవి, ముఖం అటు తిప్పుకుని.

"ఎంత పెట్టాలె?"

"కంది గింజంత. ఎక్కువైతె పక్కలకు కారుతది."

కంది గింజంతే పెట్టాడు. కదలని ఫ్యాను ఇరుసు దగ్గర కారం పుల్లతో గీకి, చుక్క మిషను నూనె వేస్తే అది కూడా తిరిగింది. కంప్యూటర్‌ను కిటికీ కింద నుంచి తీసి వాకిలి వైపు మార్చాం. వెనక కిటికీ మూసేశాం. భార్గవి కార్డు తీసుకునే కరెంటును కూడా కొంత తగ్గించి పెట్టింది. పని కొంచెం మెల్లగా సాగుతుంది గాని వేడి తగ్గుతుందట.

"మంచిదే. జరం పడి లేచినోడికి సగం పనే చెప్పాలె" అని తుల్సీరాం తలూపాడు.

వాన మొదలుపెట్టింది. అందరం అంకె వైపే చూస్తున్నాం. అరవై, అరవై అయిదు, డెబ్బై, డెబ్బై ఒకటి. అక్కడ ఆగింది. పావుగంటైనా కదల్లేదు. తుల్సీరాం డబ్బా మీద చెయ్యి పెట్టి, "ఇగ పండుకోనియ్యి" అన్నాడు.

సాయంత్రానికి దృశ్యం గీయడం అయిపోయింది. ఇక కంప్యూటర్ కూర్చుని ఆ నిమిషం వాననూ చుక్క చుక్కా లెక్కగట్టి ఒక వీడియోగా తయారుచెయ్యాలి. దానికి ఎనిమిది గంటలు. మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి. రాత్రి కరెంటును నమ్మలేక, శుక్రవారం పొద్దున ఏడింటికి భార్గవి మీట నొక్కింది.

ఎనిమిదింటికి ములకలపల్లి నుంచి ఆటోలో అయిదు బస్తాల మిరపకాయలు దిగాయి. పెళ్లి వారి కారం. గొట్టం నోరు ఎటు ఉందో తెలిసిందేగా. కిటికీ మూసినా కారం ఆగదు. దాని ఘాటు గోడకు కూడా తెలుసు.

తుల్సీరాం గిర్నీలోకి నడిచాడు. నేను చేతికర్ర టకటకలాడిస్తూ వెనకే వెళ్లాను. ఆయన గిర్నీ మోటారు మీద వేళ్లు ఆనించాడు. "నూట పదహారు."

"మోటరు సారూ అది. కాలుతది" అన్నాడు దేవ్లా.

బస్తాల మీద ఆనించాడు. "తొంభై రెండు." తక్కెడ మీద ఆనించాడు. "ఎనభై ఏడు." తరవాత దేవ్లా నుదుటి మీద. దేవ్లా కళ్లు పైకెత్తి తీర్పు కోసం చూస్తున్నాడు.

"తొంభై ఎనిమిదిన్నర. నీకేం జరం లేదు దేవ్లా. ఒక్కరోజు ఓపిక పట్టేటంత ఆరోగ్యమున్నది."

"పెండ్లోళ్లు ఊకుంటరా?"

"పెండ్లి ఎన్నడు?"

"ఆదారం."

"రేపు పట్టు. కారం ఒకరోజు ఆలస్యమైతె చప్పగయితదా? గా పిల్ల వాన ఇయ్యాల పడకుంటె మల్ల పడదు."

దేవ్లా తల గోక్కున్నాడు. మిరపకాయల వాళ్ల వైపు చూశాడు. "జరం సారు మోటరు నడపొద్దంటున్నడు. మీరు రేపు రాండ్రి" అన్నాడు. ముప్పై మూడేళ్లు ఆయన చేతికి వేలు ఇచ్చినవాళ్లు మా వైపు మనుషులు. బస్తాలు అక్కడే వదిలి ఆటో ఎక్కారు.

మూడూ ఇరవైకి వాన పూర్తయింది. అంకె చివరిదాకా డెబ్బై రెండు దాటలేదు. ఆ ఫైలు పంపడానికి మా ఇంటి ఇంటర్నెట్టు తీసుకున్న సమయం మాత్రం ఎద్దుబండి తీసుకునేంత. తుల్సీరాం ఇంటర్నెట్టు డబ్బా జ్వరం చూడటానికి మా ఇంట్లోకి వెళ్లాడు. రిజిస్టరు స్టూలు మీదే వదిలేశాడు. చేతికర్ర పట్టుకున్న ముసలివాడికి పక్కనున్న పుస్తకం తెరవకుండా ఉండటం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు.

అది శాఖ వాళ్ల పాత రిజిస్టరే. ఖాళీ పేజీలు పారెయ్యడం ఇష్టం లేక ఈ వారం అంకెలు చివర రాసుకున్నాడు. ముందు పేజీలు తిప్పాను. ఒక్కో ఇంటికి ఒక్కో వరస. మేక నూట రెండు, తలుపు తొంభై, కుండ ఎనభై రెండు, పిల్లవాడు నూట మూడు. ప్రతి వరసా అంతే. ముందు ఏవేవో సామాన్లు, ఆఖరున ఒక పిల్లో పిల్లవాడో. పద్దెనిమిదేళ్ల కిందటి పేజీలో ఇలా ఉంది. "వడ్ల గుమ్మి తొంభై. కోడి నూట ఆరు. భార్గవి, ఆరేండ్లు, గుమ్మిలో దాక్కున్నది, నూట మూడు. సూది అంటే భయం. కోడికి చూసేసరికి నవ్వింది. తరవాత వేలు ఇచ్చింది."

ఈ వారం పేజీకి వచ్చాను. సోమవారం. "తొంభై నాలుగు సెల్సియస్. అంటే రెండొందల ఒకటి ఫారెన్‌హీట్." సూత్రం నాకంటే శుభ్రంగా వేశాడు. దాని కింద, "మౌస్ నూట ఒకటి. రక్తం తీసి కిట్టుతో చూసిన. మలేరియా కాదు. ఉత్త జరం. పని ఆపమంటే వినదు. పన్నెండింటికి గొంగడి. డబ్బా బంద్. జావ తాగింది. నిద్ర గంటన్నర." మంగళవారం, "గొంగడి. నిద్ర రెండు గంటలు." బుధవారం, "గొంగడి. నిద్ర రెండుంబావు. రావుగారికి కోపం నూట నాలుగు." రావుగారంటే నేనే.

నేను పుస్తకం మూసి భార్గవి వైపు చూశాను.

"నీకు జ్వరమా అమ్మా ఇన్నాళ్లూ?"

"అవ్ తాత. ఇంట్ల తెలిస్తె కొత్తగూడెం దవాఖానకు తీస్కపోయి మూడొద్దులు పండబెడుదురు. ఇగ పరీక్ష ఏడిది? ఎవరికీ చెప్పొద్దని కాకతోని ఒట్టేయించుకున్న." నాలిక కరుచుకుని నవ్వింది. "గొంగడి సంగతి మాత్రం నాకు నిన్నటి దాంక తెల్వదు. నిజంగనె పిచ్చిగ కప్పుతున్నడనుకున్న."

"నాకైనా చెప్పకూడదూ?"

"మీకొక్కలకు చెప్తె బస్సులు ఆపి చెప్తరని కాక అన్నడు."

మూడూ యాభై రెండుకి ఫైలు వెళ్లిపోయింది. తుల్సీరాం బయటికొచ్చి, "ఇంటర్నెట్టు డబ్బా తొంభై ఏడు, ఏం ఫికరు లేదు" అన్నాడు. రిజిస్టరు చోటు మారి ఉండటం చూశాడు. దాన్ని సంచిలో వేసుకున్నాడు. వెళ్లేముందు డబ్బా రేకు మీద తేదీ వేసి, దాని కింద గీత గీశాడు. రోగం నయమైతే అలా గీత గీస్తాడట.

పది రోజులకు హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. భార్గవికి ఉద్యోగం వచ్చింది. చీరల దుకాణం కౌంటరు ఇంకెవరికో దక్కింది. దేవ్లా తనంతట తానే గొట్టాన్ని ఆకాశం వైపు వంచి పెట్టించాడు. ఇప్పుడు కాకులు తుమ్ముతున్నాయని అంటున్నాడు. అది నేను కల్పించింది కాదు, ఆయన కల్పించింది.

ఆ సాయంత్రం భార్గవి లడ్డూలు పంచింది. అందరం అరుగు మీద కూర్చున్నాం. పాడు కారం ఘాటు పోని నా గొంగడి తీగ మీద ఆరుతోంది. నాకు రెండు రోజులుగా ఒంట్లో నలతగానే ఉంది గాని, చెబితే కోడలు కషాయం పెడుతుందని ఎవరికీ చెప్పలేదు. తుల్సీరాం లడ్డూ మీద వేళ్లు ఆనించి, "ఎనభై మూడు" అని తిన్నాడు. తరవాత నా పక్కకు జరిగాడు. నా చేతికర్ర మీద వేళ్లు ఆనించాడు.

"ఎనభై ఆరు."

నా కుర్చీ చెయ్యి మీద ఆనించాడు.

"తొంభై."

ఈ వరస ఎక్కడికి వెళుతుందో ఇప్పుడు నాకు తెలుసు. లేచి లోపలికి పోవచ్చు, మోకాళ్లు అంత చెడిపోలేదు. పోలేదు. కళ్లజోడు తీసి నుదురు ముందుకు పెట్టాను. నాలుగు లెక్కపెట్టాడు.

"తొంభై తొమ్మిదిన్నర. భయపడేదేం లేదు సారూ, జావ పంపిస్త" అన్నాడు. అని, లేచి తీగ మీది గొంగడి వైపు నడిచాడు.

"తుల్సీరాం, నాకొద్దు! అది కారం కంపు!"

"మీకు గాదు సారూ" అన్నాడు, గొంగడి దులుపుతూ. "మీ నోటికి."